మొలిచిన నారు ఎందుకు పడిపోయింది? ఇంటి కంపోస్టులో గింజ వేసే ముందు

ప్రశ్న: నమస్తే అండీ. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. అపార్ట్‌మెంట్ డాబా మీద కూరగాయలు పెంచుకుంటున్నాం. ఏప్రిల్ నుంచి వంటింటి తొక్కలు, మిగిలిన అన్నం, పూజ పూలు మూత ఉన్న డ్రమ్ములో వేసి కంపోస్టు చేశాను. నల్లగా వచ్చింది. బెండ, గోంగూర కుండీల్లో వేస్తే బాగా పనిచేసింది. ఆ ధైర్యంతోనే జులై ఆఖర్లో ట్రేలలో అచ్చంగా ఆ కంపోస్టే నింపి టమాటా, వంగ, మిరప గింజలు వేశాను. టమాటా, వంగ బాగానే మొలిచాయి. నాలుగో రోజు నుంచి మొదలు దగ్గర సన్నబడి ఒక్కొక్కటే పడిపోయాయి. మిరప సగం రానేలేదు. నేను వేయని గుమ్మడి మొలకలు మాత్రం వస్తున్నాయి! ఎండ తగలకుండా మెట్ల గదిలో పెట్టి రెండు పూటలా నీళ్ళు పోశాను. మా అత్తగారేమో "ఊళ్ళో గత్తం (పశువుల పెంట ఎరువు) వేసి నారు పోసేవాళ్ళం, ఏనాడూ ఇలా కాలేదు" అంటున్నారు. ఇంటి కంపోస్టు నారుకు పనికిరాదా? కొనుక్కోవాల్సిందేనా? అక్టోబరులో మళ్ళీ నారు పోయాలని ఉంది.
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ కంపోస్టు చెడ్డదేమీ కాదు. బెండ, గోంగూర దానితో బాగా వచ్చాయంటేనే ఆ సంగతి తెలుస్తోంది. కానీ వేళ్ళూనుకున్న మొక్క తట్టుకునే ఎరువును నాలుగు రోజుల మొలక తట్టుకోలేదు. మీ డ్రమ్ములోది కుళ్ళడం పూర్తయింది గానీ, మాగడం పూర్తి కాలేదు. ఈ రెండింటికీ మధ్య కనీసం నెల, నెలన్నర తేడా ఉంటుంది. చాలామంది ఇళ్ళలో నారు చచ్చిపోయేది ఈ నెలన్నర ఆగకపోవడం వల్లే.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. గింజ తన సద్దిమూట తానే తెచ్చుకుంటుంది. గింజ లోపలా, మొదట విచ్చుకునే రెండు దళాల్లోనూ కలిపి, వారం పది రోజులకు సరిపడా ఆహారం ఉంటుంది. అసలు ఆకులు రెండు వచ్చేదాకా దానికి మనం పెట్టాల్సిన ఎరువేమీ లేదు. ఆ వయసులో దానికి కావలసింది వేరుకు గాలి, సమంగా ఉండే తడి, తెగులు లేని చోటు. "చిన్న మొక్క కదా, బలం ఉండాలి" అని అచ్చం కంపోస్టులో గింజ వేస్తాం. నిజానికి దానికి ఆ బలమే ఎక్కువైపోతుంది.

పూర్తిగా మాగని కంపోస్టులో సూక్ష్మజీవులు ఇంకా పనిలోనే ఉంటాయి. వేరుకు అందాల్సిన ఆక్సిజన్‌ను అవే వాడేసుకుంటాయి. అమ్మోనియా, సేంద్రియ ఆమ్లాలు వదులుతాయి. పెద్ద కుండీలో ఒక దోసెడు వేస్తే మట్టిలో కలిసి పలచబడిపోతాయి కాబట్టి బెండకు ఏమీ కాలేదు. ట్రేలోని చిన్న గదిలో అచ్చంగా అదే నింపితే మాత్రం మొలకకు తప్పించుకునే దారి లేదు. దీనికి తోడు ఉప్పు. మిగిలిన అన్నం వేశానన్నారు, అందులో సాంబారో, పచ్చడో, ఉప్పు వేసిన కూరో కలిసే ఉంటుంది. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం డ్రమ్ములోనే ఉండిపోతుంది. మిరప గింజ వీటన్నిటికీ తొందరగా లొంగిపోతుంది. పైగా టమాటా కంటే ఆలస్యంగా మొలుస్తుంది, ఆ ఆలస్యంలో గింజ లోపలే కుళ్ళిపోయే వీలుంది. మీ మిరప సగం రాకపోవడానికి ఇదే కారణం అనుకుంటున్నాను.

టమాటా, వంగ పడిపోయింది మాత్రం నారుకుళ్ళు తెగులుతో. మీరు రాసిన లక్షణం అచ్చంగా దానిదే. మొలక పచ్చగానే ఉంటుంది, నేలను తాకే చోట కాడ నీరు పట్టినట్టు మెత్తబడి, సన్నబడి వాలిపోతుంది. పిథియం, రైజోక్టోనియా లాంటి బూజు జాతి సూక్ష్మజీవులు దీనికి కారణం. అవి మట్టిలో, ఎరువులో ఎక్కడైనా ఉండేవే. ఎక్కువ తడి, తక్కువ గాలి, తక్కువ వెలుతురు దొరికితే విజృంభిస్తాయి. విశాఖలో జులై, ఆగస్టు నెలల్లో గాలిలోనే ఎంత తేమ ఉంటుందో మీకు నేను చెప్పాలా? ఆరేసిన బట్టలే ఆరవు. అలాంటి రోజుల్లో మెట్ల గదిలో పెట్టి రెండు పూటలా నీళ్ళు పోస్తే ఆ తెగులుకు అన్నీ అమర్చి పెట్టినట్టే.

గుమ్మడి మొలకల సంగతి కూడా ముఖ్యమే. కంపోస్టు కుప్ప లోపల వేడి 55 నుంచి 60 డిగ్రీలకు చేరి కొన్ని రోజులు నిలబడితే అందులోని గింజలూ, చాలా రకాల తెగులు క్రిములూ చచ్చిపోతాయి. ఆ వేడి నిలవాలంటే కుప్ప సుమారు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండాలి. అపార్ట్‌మెంట్ డాబా మీద డ్రమ్ములో అంత వేడి పుట్టదు, పుట్టినా నిలవదు. మీ గుమ్మడి గింజలు బతికి ఉన్నాయంటే, వాటితో పాటు నారుకుళ్ళు తెగులు కూడా బతికే ఉంటుంది. ఇది మీ తప్పు కాదు, డ్రమ్ము పరిమాణమే అంత. ఆ వేడి చేయలేని పనిని మనం సమయంతోనూ, మరో రెండు మూడు జాగ్రత్తలతోనూ పూడ్చుకోవాలి.

మీ అత్తగారి మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. పాత రోజుల్లో గత్తం కుప్ప ఏడాది పొడుగునా ఆరుబయట ఉండేది. ఎండకు ఎండి, వానకు తడిసి, అందులోని ఉప్పు కొట్టుకుపోయి, బాగా చివికిన తరవాత తీసేవారు. దాన్ని కూడా అచ్చంగా వాడలేదు, దున్నిన మట్టిలో కలిపారు. నారుమడిని చుట్టూ నేల కంటే ఎత్తుగా కట్టారు కాబట్టి నీరు నిలవలేదు. మడి ఆరుబయట ఉంది కాబట్టి గాలీ ఎండా తగిలాయి. కొన్ని చోట్ల నారుమడి మీద ఎండు కంప, చెత్త వేసి కాల్చి, ఆ తరవాతే గింజ చల్లేవారు. పై పొరలో ఉన్న తెగులూ కలుపు గింజలూ పోతాయని. ఆవిడను కూర్చోబెట్టి నారుమడి ఎలా కట్టేవారో వివరంగా అడగండి. మనం డాబా మీద చేయాల్సిందంతా అందులోనే ఉంది.

ఇక అక్టోబరు సంగతి. ఇంకా సుమారు రెండు నెలలు ఉన్నాయి, సరిగ్గా సరిపోతాయి. ఈ రోజు నుంచే ఆ డ్రమ్ములో కొత్త తొక్క ఒక్కటి కూడా వేయకండి. రోజూ కాస్త కాస్త వేస్తూ పోయే డ్రమ్ము ఎన్నాళ్ళయినా నారుకు పనికొచ్చే ఎరువు ఇవ్వదు. అడుగున మాగింది ఉంటుంది, పైన నిన్నటి అరటి తొక్క ఉంటుంది. దాన్ని మూసి, రోజువారీ చెత్తకు రెండో డ్రమ్ము పెట్టుకోండి. రెండు డ్రమ్ములు లేకుండా నారుకు కంపోస్టు చేయడం నా దృష్టిలో అయ్యే పని కాదు. పాత పెయింట్ బకెట్లయినా సరే, రెండు ఉండాలి.

మూసిన డ్రమ్మును ఒక ప్లాస్టిక్ పట్టా మీద బోర్లించండి. ఇంకా గుర్తుపట్టగలిగే ముక్కలు, టెంకలు, పూలదండల దారాలు ఏరేయండి. లావుగా గోధుమరంగులో కదిలే పురుగులు కనిపిస్తే భయపడకండి. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు, మొక్కకు హాని చేయవు. కానీ అవి ఉన్నాయంటే తినడానికి పచ్చి పదార్థం ఇంకా ఉందని అర్థం. ముద్దగా, జిగటగా ఉంటే ఎండుటాకుల పొడి కలపండి. మీ డ్రమ్ములో నాకు కనిపిస్తున్న అసలు లోటు ఇదే. తొక్కలు, అన్నం, పూలు రాశారు గానీ ఎండుటాకుల మాట ఎక్కడా లేదు. ఒక బకెట్ తొక్కలకు రెండు మూడు బకెట్ల ఎండు పదార్థం పడాలి. అప్పుడే నత్రజని ఒక వంతుకు కర్బనం పాతిక ముప్ఫై వంతులు ఉండి, కుళ్ళు కంపు లేకుండా చివుకుతుంది.

ఎండుటాకులకు మన ఊళ్ళో కరువు లేదు. కానుగ, వేప, రావి ఆకులు ఫిబ్రవరి, మార్చిలో రోడ్ల మీద పరుచుకుని ఉంటాయి. వీధి ఊడ్చేవాళ్ళు వాటిని కుప్ప చేసినప్పుడు అడిగితే సంచిలో పోసి ఇస్తారు, వాళ్ళకూ మోసే బరువు తగ్గుతుంది. ఏడాదికి సరిపడా నాలుగు గోనెసంచులు అప్పుడే నింపి పెట్టుకోండి. బాదం ఆకు మందంగా ఉంటుంది కాబట్టి ఎండాక నలిపి వేయాలి. బీచ్ వైపు దొరికే సరుగుడు ఆకు చివకడానికి చాలాకాలం పడుతుంది. నీలగిరి ఆకు మాత్రం నారు కోసం చేసే డ్రమ్ములో వద్దే వద్దు, అందులోని పదార్థాలు గింజ మొలవకుండా అడ్డుకుంటాయి. ఇప్పటికిప్పుడు ఆకులు లేకపోతే అట్టపెట్టెలను టేపు పీకేసి చిన్న ముక్కలు చేసి వేయండి, లేదా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలపండి.

కొత్త డ్రమ్ములో మిగిలిన అన్నం, పచ్చళ్ళు, నూనె పదార్థాలు వేయకండి. చేపలు కడిగిన నీళ్ళూ, రొయ్య పొట్టూ మంచి ఎరువే, మన ఊరివాళ్ళకు అవి వేయాలనే అనిపిస్తుంది. వాటిని మామిడి, కొబ్బరి లాంటి చెట్ల పాదుల్లో లోతుగా పాతిపెట్టండి, నారు డ్రమ్ములోకి రానివ్వకండి. ఎండుచేపల విషయంలో అసలు ఆలోచించక్కర్లేదు, అదంతా ఉప్పే. తెగులుతో చచ్చిన టమాటా, వంగ మొక్కలను కూడా ఇందులో వేయకూడదు.

మాగేటప్పుడు డ్రమ్ముకు వాన తగలకూడదు, గాలి మాత్రం ఆడాలి. పక్కలకు చిల్లులుండాలి, అడుగున ఊట దిగడానికి దారుండాలి. వారానికోసారి పైది కిందికీ కిందిది పైకీ తిరగేయండి. తిరగేయడం అనేది చిన్న విషయం కాదు. ఇండోర్‌లో 1920ల చివర్లో బ్రిటిష్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ మన రైతుల పద్ధతులు చూసి కంపోస్టు విధానాన్ని ఒక క్రమంలో పెట్టినప్పుడు కూడా, పొరలు పొరలుగా పేర్చి, నిర్ణీత వ్యవధిలో తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు అవుతుందన్నదే అందులో కీలకం. గాలి అందకపోతే పుల్లటి, మురుగు వాసన వస్తుంది. ఆ వాసనలో ఉన్న ఆమ్లాలే మొలకను కాల్చేవి.

తడి ఎంతుండాలో గుప్పెటతో చూసుకోవచ్చు. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లో తడి మెరవాలి, ఒకటి రెండు చుక్కలు వస్తే ఫర్వాలేదు, ధార కట్టకూడదు. గుప్పెట తెరిస్తే ముద్ద నిలబడాలి, బొటనవేలితో తాకితే పొడిపొడిగా విడిపోవాలి. ఎండిపోయినా మాగడం ఆగిపోతుంది, కాబట్టి మరీ పొడిగా ఉంటే నీళ్ళు చిలకరించండి.

ఆరు వారాల తరవాత, అంటే సెప్టెంబరు మూడో వారానికి, పరీక్ష పెట్టండి. మొదటిది వాసన పరీక్ష. తడిగా ఉన్న కంపోస్టును జిప్ కవరులో పోసి, గాలి తీసేసి, గట్టిగా మూసి, మూడు రోజులు గదిలో ఉంచండి. తెరిచినప్పుడు తొలకరి మట్టి వాసన వస్తే మాగినట్టు. ముక్కు చిట్లించే అమ్మోనియా ఘాటో, పులుపో వస్తే ఇంకో రెండు వారాలు ఆగాలి.

రెండో పరీక్ష ఆవాలతో. దీన్ని మాత్రం దయచేసి మానకండి. పోపుల పెట్టెలో ఉన్న ఆవాలే చాలు. అడుగున చిల్లు పెట్టిన మూడు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో కడిగిన కోకోపీట్ మాత్రమే, రెండోదానిలో మీరు నారుకు వాడబోయే మిశ్రమం, మూడోదానిలో అచ్చం కంపోస్టు. ఒక్కొక్క దానిలో 20 ఆవాలు వేసి, పలచగా కప్పి, సమంగా తడిపి, వెలుతురు ఉన్న చోట పక్కపక్కన పెట్టండి. మన వాతావరణంలో రెండు మూడు రోజుల్లో మొలుస్తాయి. అయిదో రోజు లెక్కపెట్టండి. కోకోపీట్‌లో 18 వచ్చాయనుకోండి, మిశ్రమంలో కనీసం 15 రావాలి. కోకోపీట్‌లోనే 5, 6 వస్తే ఆవాలు పాతవని, మళ్ళీ కొత్త ఆవాలతో వేయాలి.

లెక్కతో ఆపకండి. ప్రతి గ్లాసులోంచి రెండు మొలకలు మెల్లగా పైకి తీసి, వేళ్ళను వెలుతురులో చూడండి. మంచి మిశ్రమంలో వేరు తెల్లగా, సూటిగా, పొడవుగా ఉంటుంది. దాని చుట్టూ సన్నని నూగు ఉంటుంది, ఆ నూగుకు కంపోస్టు రేణువులు అంటుకుని కాస్త విదిల్చినా రాలవు. మాగని దాంట్లో వేరు పొట్టిగా ఉంటుంది, కొస గోధుమరంగుకు తిరిగి మొద్దుబారి ఉంటుంది, నూగు ఉండదు. ఆకు అంచులు మాడినట్టుంటే ఉప్పు ఎక్కువైందని గుర్తు. ఇంకో రెండు మూడు రోజులు ఉంచి చూడండి, నారుకుళ్ళు ఉంటే ఈ ఆవ మొలకల్లోనే బయటపడిపోతుంది. 20 ఆవాలు పోయినా ఏం కాదు, దాచుకున్న వంగ గింజలు పోతే ఆ రకం మళ్ళీ దొరక్కపోవచ్చు.

ఉప్పు ఎక్కువని తేలితే కంపోస్టును పారేయక్కర్లేదు. చిల్లులున్న బకెట్‌లో పోసి, దానికి రెండింతల మంచినీళ్ళు మెల్లగా పోసి, కిందికి పోనివ్వండి. కొంత పోషకం కూడా పోతుంది, నారుకు దాని అవసరం ఎలాగూ లేదు. దిగిన నీటిని ఇంకా పలచన చేసి పెద్ద మొక్కలకు పోసుకోండి. మీ ఇంటి బోరు నీరు ఉప్పగా ఉంటే ఈ పనికీ, నారు తడపడానికీ అది వాడకండి. వాననీరు పట్టి పెట్టుకుంటే అంతకంటే మంచిది లేదు.

పరీక్ష నెగ్గిన కంపోస్టును జల్లించాలి. పిండి జల్లెడ మరీ సన్నం, తాపీ పనివాళ్ళు ఇసుక జల్లించే 4, 5 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడ సరిపోతుంది. బలవంతంగా రుద్దకండి. పైన మిగిలిన ముతకది కొత్త డ్రమ్ములో వేయండి, అందులోని సూక్ష్మజీవులు కొత్త చెత్తకు తోడు పెరుగులా పనికొస్తాయి.

మీకు ఎంత కావాలో తెలుసా? 98 గదుల ప్రోట్రే (నారు పెంచే ప్లాస్టిక్ ట్రే) ఒకటి నింపడానికి సుమారు నాలుగు లీటర్ల మిశ్రమం చాలు. మూడు ట్రేలకు 12 లీటర్లు. అందులో కంపోస్టు పావు వంతే, అంటే మూడు లీటర్లు. డ్రమ్ములో ఉన్నదంతా నారు స్థాయికి తేవాల్సిన పనే లేదు. అందుకే ఆ మూడు లీటర్ల విషయంలో మాత్రం ఎంత పట్టింపుగా ఉన్నా తప్పులేదని అంటున్నాను.

ఆ కాస్త కంపోస్టుకు ట్రైకోడెర్మా విరిడి పట్టించండి. ఇది నారుకుళ్ళు తెగుళ్ళను అణచే మేలైన శిలీంధ్రం, ఎరువుల దుకాణాల్లో పొడిగా దొరుకుతుంది. కొనేటప్పుడు గడువు తేదీ చూడండి, అది ప్రాణమున్న సరుకు. పొలాలకు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి (వేప గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క), రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి నీడలో వృద్ధి చేయమంటారు. ఆ లెక్కన కిలో కంపోస్టుకు సుమారు 110 గ్రాముల వేపపిండి, 22 గ్రాముల ట్రైకోడెర్మా పొడి సరిపోతాయి. కలిపి, తడిపి, నీడలో తడి గోనెపట్టా కప్పి పది నుంచి పద్నాలుగు రోజులు ఉంచండి. మధ్యలో ఒకసారి తిరగేయండి. పైన తెల్లగా, తరవాత ఆకుపచ్చగా బూజు కనిపిస్తే మంచిదే, అదే మనకు కావలసింది. వేపపిండి ఇంకా పచ్చిగా ఉండగా గింజ వేయకూడదు, అందుకే ఈ రెండు వారాలు. ఆవాల పరీక్షను ఈ కంపోస్టుతో చేసిన మిశ్రమానికి ఇంకోసారి పెడితే ఇంకా నిశ్చింత.

ఎండతో శుద్ధి చేయడం మంచి పద్ధతే. తడిపిన కంపోస్టును పారదర్శకమైన పాలిథిన్ కింద అర అడుగు మందాన పరిచి, అంచులు మూసి నాలుగు వారాలు ఎండలో ఉంచడం. కానీ అది ఏప్రిల్, మే నెలల పని. ఇప్పటి మబ్బుల్లో దాన్ని నమ్ముకోలేం. వచ్చే వేసవిలో చేసి ఏడాదికి సరిపడా దాచుకోండి.

మిశ్రమం లెక్క: ఒక పాలు కంపోస్టు, రెండు పాళ్ళు కోకోపీట్, ఒక పాలు నది ఇసుక. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక ఒకటి నానితే ఏడెనిమిది లీటర్లు అవుతుంది. కొబ్బరి పొట్టులో సహజంగానే ఉప్పు ఉంటుంది కాబట్టి, నానబెట్టి పిండిన నీరు టీ రంగు పోయి తేటగా వచ్చేదాకా రెండు మూడు సార్లు కడగండి. ఇసుక విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. బీచ్ దగ్గరే ఉంది కదా అని అక్కడి ఇసుక తేకండి. ఎంత కడిగినా అందులోని ఉప్పును నమ్మలేం. ఇల్లు కట్టే చోట రెండు దోసిళ్ళ నది ఇసుక అడిగితే ఎవరూ కాదనరు. ఇసుక దొరక్కపోతే కాల్చి నల్లబడిన ఊక వాడుకోవచ్చు. మన ఎర్రమట్టిని మాత్రం ట్రేలలోకి తేవద్దు. పెద్ద కుండీల్లో బాగుంటుంది గానీ, చిన్న గదిలో ఎండితే గట్టిగా పెచ్చు కట్టి మొలకను పైకి రానివ్వదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి సంచిలో తెచ్చేవాళ్ళను కూడా చూస్తుంటాం. అది భూగర్భ శాస్త్రవేత్తలు కాపాడుకోవాలని గుర్తించిన చోటు, అక్కడి మట్టిని అక్కడే ఉండనివ్వాలి.

పాత ట్రేలను సబ్బుతో కడిగి, ఒక రోజు ఎండలో పెట్టాకే మళ్ళీ వాడండి. ట్రేలలో ఇప్పుడున్న కంపోస్టును కూడా మళ్ళీ నారుకు వాడకండి. గింజను అర సెంటీమీటరు లోతున వేసి, పైన మిశ్రమం పలచగా కప్పండి. ట్రేను నీళ్ళున్న పళ్ళెంలో పెట్టి, పైపొర తడి కనిపించగానే తీసేయండి. మొలక కనిపించిన రోజునే వెలుతురులోకి తేవాలి. పొద్దున్న ఎండ రెండు మూడు గంటలు నేరుగా తగలనివ్వండి, మధ్యాహ్నం నీడ చాలు. నీళ్ళు పొద్దున్న ఒక్కసారే, అదీ పైన ఆరినట్టు కనిపిస్తేనే. సాయంత్రం పోస్తే రాత్రంతా కాడ మొదలు తడిగా ఉంటుంది. టమాటా వారంలోపే మొలుస్తుంది, మిరపకు పది పన్నెండు రోజులైనా ఓపిక పట్టండి, మధ్యలో తవ్వి చూడకండి.

అక్టోబరు అంటే మనకు తుపాన్ల నెల కూడా. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12నే. ట్రేలను పైన రేకు ఉండి, మూడు వైపులా గాలి ఆడే చోట పెట్టుకోండి. వాతావరణ హెచ్చరిక వస్తే లోపలికి తెచ్చి, నీళ్ళు పూర్తిగా ఆపేయండి. రెండు రోజులు నీళ్ళు లేకపోయినా ఆ తేమలో ఏమీ కాదు.

ఇన్ని చేసినా ఎక్కడో ఒక మొలక పడిపోవచ్చు. పడిన దాన్ని, దాని చుట్టూ ఉన్న మిశ్రమంతో సహా చెంచాతో తీసేయండి. ట్రేను ఆరనిచ్చి ఎండలోకి మార్చండి. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆగకుండా పాకుతుంటే లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు కలిపి మొదళ్ళ దగ్గర తడపవచ్చు. కాకపోతే అది ట్రైకోడెర్మాను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి చివరి మార్గంగానే ఉంచుకోండి.

కొనుక్కోవాలా అని అడిగారు. అక్కర్లేదు. ఈసారికి టెన్షన్ లేకుండా ఉండాలనుకుంటే మూడు లీటర్ల వర్మీ కంపోస్టు కొనుక్కోండి, తప్పేమీ లేదు. కానీ సంచి మీద ఏం రాసి ఉన్నా ఆవాల పరీక్ష దానికీ పెట్టాల్సిందే. సగం మాగిన సరుకును సంచుల్లో నింపి అమ్మేవాళ్ళూ ఉంటారు.

ఈ రెండు నెలలూ డాబా ఖాళీగా ఉంచకండి. ఇప్పుడున్న కంపోస్టులో కొంత పెద్ద కుండీ మట్టిలో నాలుగో వంతుగా కలిపి బీర, ఆనప, గోరుచిక్కుడు గింజలు నేరుగా పెట్టేయండి. పెద్ద గింజలు కాబట్టి చిన్న గింజల కంటే బాగా తట్టుకుంటాయి.

నారు రెండు అసలు ఆకులు వేశాక వారానికోసారి పలచని వర్మీవాష్ (వానపాముల ఎరువు నుంచి దిగే నీరు) ఇస్తే సరిపోతుంది. టమాటాను 25 రోజులకు, వంగను 30 నుంచి 35 రోజులకు, మిరపను 35 నుంచి 40 రోజులకు కుండీల్లోకి మార్చుకోవచ్చు. మార్చే ముందు వారం రోజులు నీళ్ళు కొద్దిగా తగ్గించి, ఎండ కొద్దికొద్దిగా పెంచండి. మిగిలిన కంపోస్టును గోనెసంచిలో నీడన ఉంచి, అప్పుడప్పుడు చిలకరిస్తూ ఉండండి. జనవరిలో వేసవి పంటకు మళ్ళీ నారు పోస్తారు కదా, అప్పటికి అది ఇంకా బాగా మాగి ఉంటుంది.